పరాయి చేతికి చిక్కిన బ్రౌజర్

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి,
న్యూఢిల్లీ

విషయం: ఇంటి కంప్యూటర్లలో బ్రౌజర్ హైజాక్, దాన్ని వదిలించే పద్ధతి, ఆ భారం ఎవరి నెత్తిన పడుతోందన్న సంగతి

ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేసి బ్రౌజర్ తెరిస్తే రోజూ కనిపించే పేజీ రాదు. పేరెన్నడూ వినని సెర్చ్ పేజీ ఒకటి వస్తుంది. అడ్రస్ బార్‌లో కొట్టిన మాట రెండు మూడు తెలియని చిరునామాల మీదుగా దొర్లుకుంటూ పోయి, పైనుంచి కిందిదాకా ప్రకటనలే ఉన్న ఫలితాల దగ్గర ఆగుతుంది. తెర కుడివైపు అడుగున ఒకదాని వెనుక ఒకటిగా హెచ్చరికలు లేస్తుంటాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి హోమ్ పేజీని సరిచేస్తే సాయంత్రానికల్లా మళ్ళీ మొదటికే వస్తుంది. బ్రౌజర్ హైజాక్ అంటే ఇదే. సెర్చ్ ఇంజన్, హోమ్ పేజీ, కొత్త ట్యాబ్, నోటిఫికేషన్ల వంటి అమరికలను ఇంటివాళ్ళకు తెలియకుండా వేరొకరు తమకు అనుకూలంగా మార్చేస్తారు. మార్చినవి కదలకుండా కాపలా కూడా పెడతారు.

దీనికి మూలం డబ్బు. సెర్చ్ ఫలితాల్లో ప్రకటన మీద ఎవరైనా క్లిక్ చేస్తే, ఆ మనిషిని అక్కడిదాకా తెచ్చినవారికి వాటా ముడుతుంది. లక్షల ఇళ్ళలోని వెతుకులాటను తమ దారిన మళ్ళిస్తే, ఒక్కో క్లిక్‌కు వచ్చేది కొంచెమే అయినా మొత్తం పెద్దదవుతుంది. అందుకే ఈ రకం ప్రోగ్రాం ఫైళ్ళను చెరపదు, కంప్యూటర్‌ను పడగొట్టదు. కంప్యూటర్ నడుస్తూ ఉండటమే దానికి కావాలి. ఇంట్లోవాళ్ళు కూడా 'సిస్టమ్ పాతదైంది, స్లో అయింది' అని సరిపెట్టుకుని నెలల తరబడి అలాగే వాడుతుంటారు.

ఇది కొత్త బెడద కాదు. 2003లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను పట్టుకున్న కూల్‌వెబ్‌సెర్చ్ అప్పట్లో వదిలించడానికి ఎంతో మొండిదనిపించుకుంది. మెరైన్ బెలెకోమ్ అనే డచ్ విద్యార్థి ప్రత్యేకంగా దానికోసమే ఒక చిన్న సాధనం రాయాల్సి వచ్చింది. అతనే రాసిన హైజాక్‌దిస్ ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. తర్వాత టూల్‌బార్ల కాలం వచ్చింది. జావా వంటి పేరున్న సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే, ముందే టిక్ పెట్టిన గడి రూపంలో ఆస్క్ టూల్‌బార్ ఇళ్ళలోకి చేరింది. భారతదేశానికి దగ్గరగా తగిలిన ఉదాహరణ ఫైర్‌బాల్. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల కంప్యూటర్లలో అది ఉందని 2017 జూన్‌లో చెక్‌పాయింట్ సంస్థ ప్రకటించింది. అందులో 2.53 కోట్లు భారతదేశంలోవేనని, మరే దేశంలోనూ అన్ని లేవని చెప్పింది. ఆ లెక్క అతిగా ఉందని మైక్రోసాఫ్ట్ అన్నది. లెక్క ఎంతైనా అది ఇళ్ళలోకి వచ్చిన దారి గురించి వాదం లేదు: ఉచితంగా దొరికే వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిసి, 'నెక్స్ట్' బటన్ వెనకాలే వచ్చింది.

ఆ దారిని కొంచెం నిలబడి చూడాలి. హైజాకర్ చాలాసార్లు గోడ దూకదు, తలుపు తీయించుకుని వస్తుంది. ఒక డీటీపీ చేసేవారికి అను ఫాంట్లలో ఉన్న పాత పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కావాలి. ఒక అమ్మాయికి ప్రవేశ పరీక్ష పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్ కావాలి. ఇంట్లో పెద్దాయనకు పంచాంగం కావాలి. వెతికితే వచ్చిన పేజీలో 'డౌన్‌లోడ్' అనే పచ్చ బటన్లు నాలుగు ఉంటాయి. అసలైనది ఒకటే, సాధారణంగా అన్నిటికంటే చిన్నది. మిగతా మూడూ ప్రకటనలు. ఇన్‌స్టాలర్ తెరిస్తే 'ఎక్స్‌ప్రెస్' పద్ధతి మంచిదని సూచిస్తుంది. 'కస్టమ్' తెరిచినవారికి మాత్రమే తోడుగా వస్తున్న సెర్చ్ ఎక్స్‌టెన్షన్, కూపన్ ప్రోగ్రాం, 'పీసీ క్లీనర్' కనిపిస్తాయి. సినిమా సైట్లలో ఇంకో పద్ధతి ఉంది: 'రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి' అంటారు. ఆ నొక్కింది రోబో పరీక్ష కాదు, ఆ సైటుకు ఎప్పుడైనా నోటిఫికేషన్ పంపుకోవచ్చన్న అనుమతి.

ఏ తప్పూ చేయని ఇంటికి కూడా ఇది వస్తుందన్నది మంత్రిత్వ శాఖ ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. ది గ్రేట్ సస్పెండర్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌ను 20 లక్షలకు పైగా జనం నమ్మకంతో వాడారు. 2020లో దాన్ని రాసినవారు వేరెవరికో అమ్మేశారు. 2021 ఫిబ్రవరిలో అందులో హానికర కోడ్ ఉందంటూ గూగుల్ దాన్ని ఆపేసింది. మధ్యలో యజమాని మారినట్టు వాడేవారిలో అత్యధికులకు తెలియదు. అనుమతి ఇచ్చింది ఒకరికి, అనుభవించింది మరొకరు. 'తెలియని చోట క్లిక్ చేయొద్దు' అనే సలహా ఇలాంటి చోట చేతులెత్తేస్తుంది. తప్పంతా వాడినవారి మీదికే నెట్టే ఆ సలహా అన్యాయం కూడా.

వదిలించే పనికి ముందు ఒక జాగ్రత్త ఉంది. అనుమానం వచ్చిన క్షణం నుంచి ఆ కంప్యూటర్‌లో బ్యాంకు, యూపీఐ, ఈమెయిల్ పనులు ఆపాలి. తెర నిండా ఎర్రరంగు పేజీ పరుచుకుని, సైరన్ మోగించి, ఫలానా నంబరుకు ఫోన్ చేయమంటే చేయకూడదు. నిజమైన విండోస్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు. ఆ పేజీ మూతపడకపోతే ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టాలి. అదీ పనిచేయకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ను ఆపేయాలి. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలను పునరుద్ధరించమంటావా అని అడిగితే వద్దనాలి.

తర్వాత చూడాల్సింది నోటిఫికేషన్లు. వైరస్ అని భయపడే సందర్భాల్లో చాలావాటిలో ఉన్నది ఈ ఒక్క అనుమతే. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగం కింద సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్లు తెరిస్తే అనుమతి పొందిన సైట్ల జాబితా ఉంటుంది. గుర్తుపట్టలేని ప్రతి పేరునూ తీసేయాలి. కుడి మూల హెచ్చరికలు అంతటితో ఆగితే, సెర్చ్ కూడా మామూలుగానే ఉంటే, పని అయిపోయినట్టే.

ఆగకపోతే బ్రౌజర్‌ను అలా వదిలి విండోస్‌లోకి వెళ్ళాలి. ఈ క్రమం ముఖ్యం. చాలామంది ముందు బ్రౌజర్ సెట్టింగ్స్ సరిచేస్తారు, ఎక్స్‌టెన్షన్ తీస్తారు, మర్నాడు అది మళ్ళీ ప్రత్యక్షమైతే నీరుగారిపోతారు. బయట కూర్చున్న ప్రోగ్రాం ఒకటి దాన్ని తిరిగి నాటుతోంది కాబట్టే అది మళ్ళీ వచ్చింది. వేరు బయట ఉండగా లోపల ఎన్ని ఆకులు తుంచినా లాభం లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ విభాగం తెరిచి, ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాంలను తేదీ వరసలో పెట్టాలి. తేడా మొదలైన రోజుకు అటూ ఇటూ వచ్చిన పేర్లు అక్కడ పక్కపక్కనే నిలబడతాయి. సెర్చ్, షాపింగ్, కూపన్, స్పీడ్, క్లీనర్ వంటి మాటలున్నవీ, తయారీదారు పేరు లేనివీ మొదట అనుమానించదగ్గవి. తీసేసేటప్పుడు వచ్చే పెట్టెల్లోని వాక్యాలు నెమ్మదిగా చదవాలి. 'ఉంచుకుంటాను' అనే బటన్‌ను పెద్దగా రంగులో, 'తీసేయి' అన్నదాన్ని బూడిదరంగు చిన్న అక్షరాల్లో పెట్టడం ఈ వ్యాపారంలో మామూలే. తర్వాత టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితానూ, టాస్క్ షెడ్యూలర్‌నూ చూడాలి. గంటకోసారి లేచి హోమ్ పేజీని మార్చిపోయే పని ఎక్కువగా షెడ్యూలర్‌లోనే దాక్కుని ఉంటుంది.

అప్పుడు స్కాన్. విండోస్‌తోపాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఒకటుంది. అది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. లేచాక తమను తాము దాచుకోగలిగే ప్రోగ్రాంలు అప్పుడు దొరుకుతాయి. దీనికి తోడుగా, ప్రకటనల సాఫ్ట్‌వేర్‌ను పట్టడానికే తయారైన ఆడ్‌డబ్ల్యూక్లీనర్ ఉచితంగా దొరుకుతుంది. 2016 నుంచి దాన్ని మాల్‌వేర్‌బైట్స్ సంస్థ నడుపుతోంది, కాబట్టి ఆ సంస్థ సొంత సైటు నుంచే తీసుకోవాలి. హైజాక్ అయిన బ్రౌజర్‌లో దాని పేరు వెతికితే నకిలీ ఎదురుకావచ్చు. వేరే కంప్యూటర్‌లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తేవడం మేలు. క్రోమ్‌లోనే ఒకప్పుడు విండోస్ కోసం శుభ్రం చేసే సాధనం ఉండేది. 2023 మార్చిలో గూగుల్ దాన్ని తీసేసింది. ఇప్పటికీ దాన్ని వాడమని చెప్పే పాత సలహాలు తిరుగుతూనే ఉన్నాయి.

వేరు పోయాక బ్రౌజర్ వంతు. ఎక్స్‌టెన్షన్ల పేజీలో ఎవరు పెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తులేనివన్నీ తీసేయాలి. ఆపి ఉంచితే చాలదు. ఒక ఎక్స్‌టెన్షన్ ఎంత ప్రమాదకరమో దాని అనుమతులు చెబుతాయి. వాతావరణం చూపించే చిన్న ఎక్స్‌టెన్షన్‌కు 'అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్ని చదివి మార్చే' హక్కు ఎందుకు? ఆ హక్కున్నది బ్యాంకు పేజీని కూడా చదవగలదు. తర్వాత సెర్చ్ ఇంజన్, హోమ్ పేజీ, స్టార్టప్ పేజీ సరిచేయాలి. అన్నిటికంటే సులువైన దారి రీసెట్. క్రోమ్, ఎడ్జ్‌లలో సెట్టింగ్స్ అడుగున, ఫైర్‌ఫాక్స్‌లో 'రిఫ్రెష్' పేరుతో అది ఉంటుంది. బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు పోవు. కానీ ఖాతాకు సింక్ ఆన్‌లో ఉంటే తీసేసిన ఎక్స్‌టెన్షన్ ఇంట్లోని మరో ల్యాప్‌టాప్ నుంచి తిరిగి దిగవచ్చు. అందుకే శుభ్రం అయ్యేదాకా సింక్ ఆపి, ఆ ఖాతా వాడే కంప్యూటర్లన్నిటినీ కలిపే చూసుకోవాలి.

ఇంతవరకు చేసినా పోకపోతే మూడు చోట్లు మిగులుతాయి. ఒకటి, డెస్క్‌టాప్ మీది బ్రౌజర్ షార్ట్‌కట్. దాని ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే గడి చివర బ్రౌజర్ ఫైలు పేరు తర్వాత ఏదైనా వెబ్ చిరునామా తగిలించి ఉంటే, ఎన్ని రీసెట్లు చేసినా తెరిచిన ప్రతిసారీ ఆ పేజీయే వస్తుంది. షార్ట్‌కట్‌ను పారేసి కొత్తది పెట్టుకోవాలి. రెండోది, బ్రౌజర్ మెనూ అడుగున 'మీ సంస్థ దీన్ని నిర్వహిస్తోంది' అనే వాక్యం. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అది సహజం. సొంత కంప్యూటర్‌లో కనిపిస్తే, ఆఫీసుల కోసం పెట్టిన పాలసీ సౌకర్యాన్ని హైజాకర్ వాడుకుని ఎక్స్‌టెన్షన్‌కు తాళం వేసి ఉండవచ్చు. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఈ వాక్యం కనిపించేలా చేస్తాయి, కాబట్టి ముందు పాలసీల జాబితా తెరిచి ఏముందో చూడాలి. హైజాకర్ పెట్టిన పాలసీని తీయాలంటే విండోస్ రిజిస్ట్రీలో చేయి పెట్టాలి. తెలిసినవారి సాయంతోనే ఆ పని చేయించుకోవడం క్షేమం.

మూడోది నెట్‌వర్క్. విండోస్‌లో ప్రాక్సీ ఆన్‌లో ఉందేమో, సైట్ల పేర్లకు దారి చూపే డీఎన్‌ఎస్ చిరునామాలు మారాయేమో చూడాలి. ఇంట్లో ఫోన్లు, టీవీ కూడా అవే వింత పేజీలు చూపిస్తుంటే గొడవ కంప్యూటర్‌లో కాదు, రూటర్‌లో ఉంది. రూటర్‌ను ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. డీఎన్‌ఎస్ మార్పు ఎంత దూరం పోగలదో 2011 నవంబరులో ప్రపంచం చూసింది. డీఎన్‌ఎస్‌ఛేంజర్ అనే ప్రోగ్రాంతో 100కు పైగా దేశాల్లో 40 లక్షల కంప్యూటర్లను మళ్ళించిన ఎస్తోనియా ముఠా అమెరికా ఎఫ్‌బీఐ దర్యాప్తులో పట్టుబడింది. ముఠా సర్వర్లను ఒక్కసారిగా ఆపేస్తే ఆ ఇళ్ళన్నిటికీ ఇంటర్నెట్ పోతుంది. అందుకని కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి, 2012 జూలై 9 దాకా నడిపారు. తప్పు చేసింది ముఠా అయినా, దెబ్బ ఇళ్ళ మీద పడకుండా చూడటం తన బాధ్యతని అమెరికా ప్రభుత్వం అనుకుంది.

అన్నీ అయ్యాకే పాస్‌వర్డులు మార్చాలి. ముందే మార్చితే కొత్తవి కూడా పాత కళ్ళలోనే పడతాయి. ముందుగా ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. ఈమెయిల్ ఖాతాలో 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' కూడా చేయాలి. పాస్‌వర్డ్ లేకుండానే లోపల కూర్చోవడానికి వీలిచ్చే కుకీలు అప్పుడు చెల్లకుండా పోతాయి. డబ్బు పోయినట్టు తేలితే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇదంతా ఒక పూట పని, అదీ తెలిసినవారికి. తెలియని ఇంట్లో ఏం జరుగుతుంది? కంప్యూటర్ రిపేరు షాపుకు పోతుంది. అక్కడ వినిపించే మొదటి మాట 'ఫార్మాట్ కొట్టేద్దాం'. పెళ్ళి ఫొటోలు, దుకాణం ట్యాలీ లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు బ్యాకప్ లేకుండా పోయిన ఇళ్ళు ఎన్నో. కొన్నిచోట్ల తిరిగి వేసే విండోస్ క్రాక్ చేసినది అవుతుంది, ఆ క్రాక్ వెంటే కొత్త హైజాకర్ దిగుతుంది. తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో, పిల్లలు డాలస్‌లోనో ఉన్న కుటుంబాలది మరో అవస్థ. వాట్సాప్ వీడియోలో తెర చూపిస్తూ, 'పైన కుడిపక్క మూడు చుక్కలున్నాయి కదా నాన్నా' అంటూ అర్ధరాత్రి దాకా నడుస్తుంది ఆ వైద్యం. విసిగిన పెద్దలు చివరికి తెర మీద కనిపించే నంబరుకు ఫోన్ చేస్తే, అవతలివాడు తెలుగులోనే మాట్లాడి రిమోట్ యాప్ పెట్టించవచ్చు. ప్రకటనల చిరాకుగా మొదలైనది ఖాతా ఖాళీ కావడంతో ముగిసే దారి ఇది.

చట్టంలో దీనికి చోటు లేకపోలేదు. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43వ సెక్షన్ 'కంప్యూటర్ కాలుష్యకారి'ని నిర్వచిస్తూ, కంప్యూటర్ మామూలు నడకను ఏ విధంగానైనా చేజిక్కించుకునే ఆదేశాలను కూడా అందులో చేర్చింది. బ్రౌజర్ హైజాక్‌కు ఇంతకంటే సరిపోయే నిర్వచనం దొరకదు. మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పరిహారం కోసం రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందుకు వెళ్ళవచ్చు. 5 కోట్ల రూపాయల వరకు ఆయనే తేల్చగలరు. సర్ట్-ఇన్ ఆధ్వర్యంలో 2017 నుంచి పనిచేస్తున్న సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచిత సాధనాలు ఇస్తోంది. బ్రౌజర్‌లో హానికర స్క్రిప్టులను పట్టే జేఎస్‌గార్డ్ ఎక్స్‌టెన్షన్‌ను హైదరాబాద్ సీడాక్ తయారుచేసింది. 2023 నవంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ వైపు నుంచి వచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు 13 రకాల మాయలను నిషేధించాయి. నకిలీ వైరస్ భయం పెట్టి సాఫ్ట్‌వేర్ అంటగట్టడం వాటిలో ఒకటి. అయితే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉచితంగా అందించే సేవను 'సేవ' నిర్వచనం నుంచి తప్పించింది. ఉచిత కన్వర్టర్‌తో హైజాకర్‌ను అంటగట్టినవారు ఆ సందులోంచి జారిపోవడానికి వీలుంది. ఆ ఇంటి వెతుకులాట అమ్ముకుని డబ్బు చేసుకున్నప్పుడు అది ఉచితం ఎలా అవుతుంది?

తేల్చే శక్తి మంత్రిత్వ శాఖ చేతిలోనే ఉంది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023, ఆరో సెక్షన్ ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలి. సమ్మతి కోరే వాక్యాన్ని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలి. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. ఇచ్చినంత సులువుగా సమ్మతిని వెనక్కి తీసుకునే వీలుండాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఒక్క క్లిక్‌తో ఇచ్చినదాన్ని తీసుకోవడానికి ప్రోగ్రాంల జాబితా, షెడ్యూలర్, స్కాన్, ఎక్స్‌టెన్షన్లు, రీసెట్, షార్ట్‌కట్, పాలసీ, రూటర్ అన్నీ దాటాల్సి వస్తే అది ఏ కొలతకూ 'అంత సులువు' కాదు.

కాబట్టి మంత్రిత్వ శాఖను కోరేవి మూడు. తోడు ప్రోగ్రాంలను అంటగట్టే ఇన్‌స్టాలర్లు, ఎక్స్‌టెన్షన్లు, నోటిఫికేషన్ అనుమతులు ఆరో సెక్షన్ కిందికి వస్తాయని గడువు ముగిసేలోగా స్పష్టం చేయాలి. చేతులు మారిన ఎక్స్‌టెన్షన్ కొత్త యజమాని పేరుతో మళ్ళీ సమ్మతి అడిగేదాకా పనిచేయకుండా ఉండాలని నిర్దేశించాలి. పైన చెప్పిన క్రమమంతా తెర బొమ్మలతో, తెలుగు మెనూ మాటలతో, గుంటూరులోని తండ్రి డాలస్‌కు ఫోన్ చేయకుండానే చదివి చేసుకోగలిగేంత తేటగా సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో పెట్టాలి, బ్రౌజర్ మెనూలు మారినప్పుడల్లా దాన్నీ మార్చాలి.